వార్తల జల్లెడ

సికిందరాబాదులోని బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టు పేరు మీలో చాలామంది వినే ఉంటారు. తెల్లవారకముందే అక్కడికి ఊళ్లనుంచి లారీలు వస్తాయి. ఒక ఊరి టమాటా, ఇంకో ఊరి వంకాయ, మరో ఊరి పచ్చిమిరప అన్నీ ఒకే యార్డులో దిగుతాయి. ఊళ్లో కూరల కొట్టు నడిపే మనిషి ప్రతి తోటకూ వెళ్లి కొనుక్కోవాలంటే ఎన్ని రోజులు పడుతుంది? అందుకే తోటల సరుకు ఒక చోటికి రావడం, అక్కడ రకాల వారీగా వేరుపడడం, కావలసిన వాళ్లు కావలసింది ఏరుకోవడం అనే పద్ధతి పుట్టింది.

వార్తల విషయంలో మాత్రం మనలో చాలామందిమి ఇంకా తోట తోటకూ తిరుగుతూనే ఉన్నాం. ఒక పత్రిక వెబ్ పేజీ తెరిచి చూస్తాం. కొత్తగా ఏమీ ఉండదు. ఇంకొకటి తెరుస్తాం. నిన్న చదివిందే కనబడుతుంది. లేదా ఎవరో ఏరి మన ఫోనులోకి తోసినదాన్ని చదివి, లోకంలో ఉన్న వార్తలన్నీ ఇవే కాబోలు అనుకుంటాం. ఈ రెండూ కాక మూడో దారి ఒకటి ఉంది. పెద్ద చదువులు అక్కరలేదు. దానిలోని కిటుకు తెలుసుకుంటే చాలు. అదేమిటో వరుసగా చూద్దాం.

ఒక చిన్న పని పెట్టుకుందాం

ఊరికే చెప్పుకుంటూ పోతే బుర్రకెక్కదు. కనుక ఒక పని పెట్టుకుందాం. మీ బడిలో సైన్సు ప్రదర్శన ఉంది. మీరు బోయిన్‌పల్లి మార్కెట్టులోని బయోగ్యాస్ ప్లాంటు గురించి ఒక నమూనా చేయాలనుకున్నారు. మిగిలిపోయి కుళ్లిన కూరగాయలను గాలి తగలని తొట్టెలో సూక్ష్మజీవులకు మేతగా వేసి గ్యాసు తీయడం, ఆ గ్యాసుతో కరెంటు పుట్టించడం అక్కడి ఏర్పాటు. దీని వెనుక ఉన్న సాంకేతిక విద్య హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థది. 2021 జనవరి 31న ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో ఈ ప్లాంటు ప్రస్తావన వచ్చాక దేశమంతటా దీని పేరు తెలిసింది. అప్పుడు చెప్పిన లెక్క ఇది: రోజుకు సుమారు 10 టన్నుల చెత్త, దానినుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల జీవ ఇంధనం. అంటే టన్నుకు 50 యూనిట్లు అన్నమాట.

ఈ సంగతులు మీకు నాలుగైదు చోట్ల దొరుకుతాయి. రేపు ప్రదర్శనలో ఎవరైనా పెద్దాయన వచ్చి, “ఈ 500 యూనిట్లు అని ఎక్కడ చదివావమ్మా? ఏ సంవత్సరం లెక్క ఇది?” అని అడిగితే ఏం చెబుతారు? “ఎక్కడో చూశానండీ” అంటే నమూనా ఎంత బాగున్నా సైన్సు కాదు. అంచేత చదివిన చోటును గుర్తు పెట్టుకోవడం మొదటి పని. కొత్తగా వచ్చే సంగతులు మన కంట పడేట్టు చూసుకోవడం రెండో పని.

లింకు అంటే చిరునామా

వెబ్ పేజీ ప్రతిదానికీ ఒక చిరునామా ఉంటుంది. దాన్నే లింకు అంటున్నాం. మన ఇంటి చిరునామాలో ముందు ఇంటి నంబరు, తరువాత వీధి, చివర ఊరు ఉంటాయి. వెబ్ చిరునామాలో దాదాపు తలకిందులు. ముందు ఊరి పేరులాంటి సైటు పేరు, ఆ తరువాత వాకిలి, గది, అల్మారా వస్తాయి.

తెలుగు పేరున్న లింకును మీరు ఎవరికైనా పంపి చూశారా? ఒక్కొక్కప్పుడు అది శాతం గుర్తులూ, అంకెలూ, ఇంగ్లీషు అక్షరాలూ కలిసి పాములా సాగిపోయి కనబడుతుంది. ఏదో చెడిపోయిందని భయపడనక్కరలేదు. ‘బోయిన్‌పల్లి’ అన్న మాటనే తీసుకోండి. మన కంటికి బో, యి, న్, ప, ల్లి అని 5 అక్షరాలు. కంప్యూటరు దీన్ని విడదీసి దాచుకుంటుంది: బ, ఓత్వం, య, గుడి, న, పొల్లు, విడదీత గుర్తు, ప, ల, పొల్లు, ల, గుడి. మొత్తం 12. తెలుగు గుర్తు ఒక్కొక్కదానికీ 3 బైట్లు పడతాయి. ఆ విడదీత గుర్తుకూ అంతే. కనుక 36 బైట్లు. చిరునామాలో ఒక్కొక్క బైటును శాతం గుర్తు, దాని వెనుక రెండు చిహ్నాలుగా రాస్తారు. అంటే బైటుకు 3. మొత్తం 108! కంటికి అయిదక్షరాల మాట లింకులో 108 చిహ్నాలయింది. చేతితో రాసుకోవడం అసాధ్యం గదా! అందుకే లింకులు దాచుకోవడానికి పనిముట్లు కావలసి వచ్చాయి.

పెట్టెలా, చీటీలా?

పుస్తకంలో చదివిన చోట నెమలి ఈక పెట్టుకున్నట్టు, వెబ్ పేజీకి గుర్తు పెట్టుకునే సదుపాయం బ్రౌజర్లలో మొదటినుంచీ ఉంది. 1993లో వచ్చిన మొజాయిక్ బ్రౌజరులోనే ‘హాట్‌లిస్టు’ అనే జాబితా ఉండేది. తరువాత దానికి ‘బుక్‌మార్కు’ అన్న పేరు స్థిరపడింది.

గుర్తులు పది ఉంటే ఫరవాలేదు. రెండు వందలయితే? వాటిని ఫోల్డర్లనే పెట్టెల్లో సర్దుతాం. ఇక్కడ ఒక చిక్కుంది. 1908లో హైదరాబాదును ముంచిన మూసీ వరద గురించి మంచి వ్యాసం దొరికిందనుకోండి. దాన్ని ‘చరిత్ర’ పెట్టెలో వేయాలా? ‘హైదరాబాదు’లోనా? ‘వానలు’లోనా? ఒక వస్తువు ఒక పెట్టెలోనే ఉంటుంది. ఆరు నెలల తరువాత మీరు వెతికేది మాత్రం ఇంకో పెట్టెలో!

దీనికి విరుగుడు చీటీ. పెట్టెలో వేయడం మానేసి, ఒకే లింకుకు ‘చరిత్ర’, ‘హైదరాబాదు’, ‘వానలు’ అని మూడు చీటీలు అంటించండి. ఇంగ్లీషులో దీన్నే ట్యాగు అంటారు. మీరు లెక్కల్లో చదువుకున్న సమితులు ఇక్కడ పనికొస్తాయి. ‘హైదరాబాదు’ చీటీ ఉన్నవన్నీ ఒక సమితి. ‘వానలు’ చీటీ ఉన్నవన్నీ ఇంకో సమితి. రెండింటి ఛేదనం తీస్తే హైదరాబాదు వానల లింకులు మాత్రమే మిగులుతాయి. అయిదే చీటీలున్నా వాటిని ఒక్కొక్కటిగా, జతలుగా, మూడేసిగా కలిపి 31 రకాలుగా వెతకవచ్చు. 2ను అయిదుసార్లు గుణించి 1 తీసేయండి, లెక్క సరిపోతుంది.

2003లో జాషువా షాక్టర్ అనే ఆయన తయారుచేసిన ‘డెలిషియస్’ అనే సైటు ఈ చీటీల పద్ధతిని లోకానికి బాగా అలవాటు చేసింది. అందులో ఇంకో సొగసు ఉంది. మీ గుర్తులు మీ ఒక్క కంప్యూటరులో కాక సైటులో ఉండేవి. ఒకే చీటీ కింద నలుగురూ దాచుకున్నవి నలుగురూ చూడగలిగేవారు.

లింకు దాచినప్పుడు మూడు సంగతులు కూడా రాసి పెట్టుకోండి: పేజీ పేరు, దాన్ని రాసినవారు లేక సంస్థ, మీరు చూసిన తేదీ. మన ప్లాంటు విషయంలో 500 యూనిట్లు 2021లో చెప్పిన మాట. తేదీ లేకపోతే ఈ ఏటి లెక్క అని పొరబడే ప్రమాదం ఉంది.

చిరునామా ఉంది, ఇల్లు లేదు!

దాచిన లింకు తెరిస్తే “పేజీ లేదు” అని జవాబు రావడం మీకు అనుభవమే అయి ఉంటుంది. ఇది అరుదైన సంగతి కాదు. అమెరికాలోని ప్యూ పరిశోధన కేంద్రం 2024లో వెల్లడించిన లెక్క ప్రకారం, 2013లో ఉన్న వెబ్ పేజీలలో నూటికి 38 పదేళ్ల తరువాత కనబడకుండా పోయాయి. సైటు మూతపడవచ్చు. పేజీని వేరే చోటికి మార్చవచ్చు. డబ్బు కట్టక పేరు పోవచ్చు.

దీనికి ఉపాయం, ముఖ్యమైన పేజీకి నకలు ఉంచడం. 1996లో మొదలైన ‘ఇంటర్నెట్ ఆర్కైవ్’ అనే సంస్థ వెబ్ పేజీల నకళ్లు తీసి తేదీలతో సహా దాస్తోంది. 2001నుంచి వాటిని అందరికీ చూపిస్తోంది. మీరు అడిగితే ఒక పేజీకి అప్పటికప్పుడు నకలు తీసి పెడుతుంది కూడా. ప్రదర్శన కోసం వాడుకునే నాలుగైదు లింకులకైనా ఈ పని చేసి పెట్టుకోవడం మంచిది.

మార్కెట్టే మన దగ్గరకు!

ఇక రెండో పని. కొత్త సంగతులు మన కంట పడడం ఎలా?

ప్రతి సైటుకూ రోజూ వెళ్లి చూడడం తోటలచుట్టూ తిరగడం వంటిది. దానికి బదులు ప్రతి సైటూ తన గుమ్మంలో ఒక చిన్న జాబితా వేలాడదీసిందనుకోండి: “మా దగ్గర ఇటీవల వచ్చినవి ఇవి” అని. ఆ జాబితాలను మాత్రం ఒక నౌకరు చూసి వచ్చి కొత్తవి మనకు చెబితే చాలు. ఆ జాబితా పేరే ఫీడు. ఆ నౌకరు పేరు ఫీడు రీడరు.

ఫీడు మనుషులు చదవడానికి అలంకరించిన పేజీ కాదు. బొమ్మలూ రంగులూ ఉండవు. యంత్రం తడబడకుండా చదవగలిగేట్టు, ఏది ఏమిటో గుర్తులు కట్టి రాసిన మామూలు అక్షరాల ఫైలు. మార్కెట్టులో బస్తా మీద అది ఎవరిదో, ఏ సరుకో తెలిసే గుర్తులాగన్నమాట. ఫీడులో ఒక్కొక్క వార్తా ఇలా ఉంటుంది. అసలు ఫైలులో ఈ గుర్తుల పేర్లు ఇంగ్లీషు మాటలు. అర్థం కోసం తెలుగులో రాస్తున్నాం:

<అంశం>
<శీర్షిక> కూరల చెత్తనుంచి కరెంటు </శీర్షిక>
<లింకు> పూర్తి వార్త ఉన్న చిరునామా </లింకు>
<సారాంశం> మార్కెట్టులో బయోగ్యాస్ ప్లాంటు పనితీరు </సారాంశం>
<తేదీ> వార్త వెలువడిన రోజు, గంట </తేదీ>
<గుర్తింపు> ఈ వార్తకు మాత్రమే చెందిన సంఖ్య </గుర్తింపు>
</అంశం>

ప్రతి గుర్తూ రెండుసార్లు వచ్చింది చూశారా? మొదటిది తెరవడం. ఏటవాలు గీత ఉన్న రెండోది మూయడం. బీజగణితంలో తెరిచిన ప్రతి బ్రాకెట్టునూ మూసినట్టే. ఇలా గుర్తులు కట్టే పద్ధతికి ఎక్స్ఎంఎల్ అని పేరు. 1998లో అది ప్రమాణంగా వెలువడింది.

చివర ఉన్న ‘గుర్తింపు’ను చిన్నచూపు చూడకండి. రీడరు మునుపు చూసిన సంఖ్యలన్నీ రాసుకుంటుంది. మళ్లీ వెళ్లినప్పుడు ఆ సంఖ్య కనబడితే పాతదని వదిలేస్తుంది. లేకపోతే కొత్తదని మన ముందు పెడుతుంది. శీర్షికలో ఒక అక్షరం దిద్దినంతమాత్రాన పాత వార్త కొత్తదై రాకుండా ఉండేది దీనివల్లనే.

రీడరు అరగంటకో గంటకో ఒకసారి చుట్టి వస్తుంది. “ఇవాళ ఉదయం 6 గంటల తరువాత మీ జాబితా మారిందా?” అని అడుగుతుంది. మారకపోతే అవతలి యంత్రం 304 అనే సంఖ్యతో జవాబిస్తుంది. “మారలేదు, వెళ్లిరా” అని దాని అర్థం. జాబితా మొత్తం పంపే పనే లేదు.

దీనివల్ల ఎంత లాభమో లెక్క వేద్దాం. వెబ్ పేజీ ఒకటి 2 మెగాబైట్లు, ఫీడు 50 కిలోబైట్లు అనుకుందాం. 20 సైట్లు తెరిచి చూస్తే 40 మెగాబైట్లు. 20 ఫీడ్లు తెప్పించుకుంటే 1 మెగాబైటు. నలభయ్యోవంతు! అందులోనూ మారనివాటికి 304తో సరి. ఫోనులో డేటా తక్కువ ఉన్నవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు.

ఇది ఎవరి ఆలోచన?

కావలసిన సమాచారాన్ని పాఠకుడి దగ్గరకే పంపాలన్న ఆలోచన వెబ్ కంటే పాతది. ఐబీఎం కంపెనీలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1958లోనే ఒక పద్ధతి సూచించాడు. ఒక్కొక్క శాస్త్రవేత్తకు ఏ విషయాల మీద ఆసక్తి ఉందో యంత్రంలో రాసి ఉంచాలి. కొత్త పత్రం రాగానే ఎవరికి సరిపోతుందో చూసి వాళ్లకు తెలియజేయాలి. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు సూత్రాలలో నాలుగోది కూడా ఇలాంటిదే: పాఠకుడి కాలాన్ని ఆదా చేయి అని.

వెబ్‌లో ఫీడు 1999 మార్చిలో పుట్టింది. నెట్‌స్కేప్ కంపెనీలో రామనాథన్ గుహ, డాన్ లిబ్బీ కలిసి దాన్ని రూపొందించారు. గుహ మద్రాసు ఐఐటీలో చదువుకున్న మనవాడే. దానికి ఆర్ఎస్ఎస్ అని పేరు. ఈ మూడక్షరాలకు పలురకాల విస్తరణలు చెప్పారు కాని, చివరికి నిలిచింది ‘రియల్లీ సింపుల్ సిండికేషన్’. నిజంగా సులువైన పంపకం అన్నమాట. 2000 డిసెంబరులో దానికి ఇంకో రూపాన్ని తయారుచేసిన బృందంలో ఆరన్ స్వార్ట్జ్ అనే కుర్రవాడున్నాడు. అప్పటికి అతని వయస్సు 14 ఏళ్లు. అంటే మీ తోటివాడే! 2002లో డేవ్ వైనర్ రూపొందించిన రెండో పాఠం బాగా వ్యాపించింది. మీరు వినే పాడ్‌కాస్టులు కూడా ఈ ఫీడు మీదనే నడుస్తాయి. వార్త లింకు పక్కన ధ్వని ఫైలు లింకును కడతారు, అంతే తేడా.

ఈ పద్ధతి ఒక్క వార్తలకే కాదు. అమెరికా భూగర్భ పరిశోధన సంస్థ ప్రపంచంలోని భూకంపాల వివరాలను ఫీడుగా ఇస్తోంది. తెలుగు వికీపీడియాలో ఇటీవలి మార్పులకు ఫీడు ఉంది. మన దేశంలో తుపాను, పిడుగు, భారీ వాన హెచ్చరికలను పంపే ‘సచేత్’ ఏర్పాటులో కూడా సందేశాలను ఎక్స్ఎంఎల్ గుర్తులతోనే కడతారు. ఏ ప్రాంతానికి, ఏ ప్రమాదం, ఎంత తీవ్రం, ఎప్పటివరకు అని ఒక్కొక్కదానికీ వేరు గుర్తు. 2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీలను ముంచిన వానలవంటివి వచ్చినప్పుడు, హెచ్చరిక యంత్రంనుంచి యంత్రానికి తప్పుల్లేకుండా వెళ్లడం ఎంత అవసరమో మీరే ఊహించండి.

తెలుగువాళ్ల కూడలి

2000 తరువాతి సంవత్సరాల్లో యూనికోడు వాడకం పెరిగి, తెలుగులో సొంతంగా రాసేవాళ్లు వెబ్‌లో ఎక్కువయ్యారు. ఒకరు హైదరాబాదులో, ఇంకొకరు అమెరికాలో, మరొకరు విశాఖపట్నంలో. ఎవరు ఎప్పుడు రాశారో తెలియడం ఎలా? అప్పుడు వీవెన్ ‘కూడలి’ అనే సైటు తయారుచేశారు. ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసే ‘లేఖిని’ని తయారుచేసింది కూడా ఆయనే. కూడలి అనేకమంది తెలుగువాళ్ల ఫీడులను తెచ్చి, తేదీల వరుసలో ఒకే పేజీ మీద పేర్చేది. శీర్షిక మీద నొక్కితే అసలు రచన ఉన్న చోటికే వెళ్లేవారు. ఇలాంటి వాటికి ‘సంకలిని’ అని చక్కని తెలుగు పేరు పెట్టారు. కూడలితోపాటు జల్లెడ, హారం, మాలిక అనేవి కూడా ఉండేవి. ఆ పేర్లు చూడండి! నాలుగు దారులు కలిసేది కూడలి. గుచ్చి కూర్చేవి హారం, మాలిక. ఏరేది జల్లెడ. ఫీడు చేసే పనంతా ఆ పేర్లలోనే ఉంది.

ఇదంతా సాధ్యం కావడానికి ముందొక అడ్డు తొలగవలసి వచ్చింది. మొదట్లో తెలుగు పత్రికలు ఒక్కొక్కటి ఒక్కొక్క సొంత ఫాంటు వాడేవి. ఒకరి ‘క’ ఇంకొకరి లెక్కలో వేరే అక్షరం. అలాంటి వాటిని కలిపి పేర్చినా వెతకడం కుదరదు. 1991లో వెలువడిన యూనికోడు మొదటి పాఠంలోనే తెలుగు ఉంది. అందరూ దానికి మారాకనే తెలుగు సరుకంతా ఒకే తక్కెడలో తూగింది.

జల్లెడ కన్ను ఎంత ఉండాలి?

ఫీడులు ఎక్కువైతే వార్తలూ ఎక్కువవుతాయి. అప్పుడు మనకు కావలసిన మాటలున్నవే నిలిపి, మిగతావి వదిలేయమని చెప్పవచ్చు. పని సులువే కాని తెలుగులో కొన్ని చిక్కులున్నాయి.

‘బోయిన్‌పల్లి’నే చూడండి. న్ తరువాత కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటుందని పైన చెప్పుకున్నాం. అది లేకపోతే ప వెళ్లి న కింద ఒత్తుగా చేరి ‘బోయిన్పల్లి’ అవుతుంది. ఒకరు విడదీత గుర్తుతో రాస్తారు, 12 గుర్తులు. ఇంకొకరు అది లేకుండా రాస్తారు, 11. మరొకరు మధ్య ఖాళీ వదిలి ‘బోయిన్ పల్లి’ అంటారు. ఇంకొకరు ‘బోయినపల్లి’ అంటారు, 10. మనకు ఇవన్నీ ఒకే ఊరు. యంత్రానికి నాలుగు వేరు వేరు మాటలు! ఒక్కటే ఇచ్చి వెతికితే మిగతా మూడు రకాల వార్తలూ జారిపోతాయి. కనుక నాలుగూ ఇవ్వాలి.

ఇంకో చిక్కు మాట రూపం మారడం. ‘నీరు’ అని వెతికితే ‘నీటి సరఫరా’ దొరకదు, ‘నీళ్లు’ దొరకదు. సరే గదా అని ‘నీ’ అని ఇస్తే ‘నీలం’, ‘నీడ’, ‘నీతి’ అన్నీ వచ్చి పడతాయి. జల్లెడ కన్ను పెద్దదైతే మట్టి కూడా జారి వస్తుంది. చిన్నదైతే గింజ కూడా పైనే ఉండిపోతుంది.

మీ జల్లెడ ఎలా ఉందో కొలవవచ్చు. 100 వార్తల్లో మీకు పనికొచ్చేవి 10 ఉన్నాయనుకోండి. జల్లెడ 12 ఇచ్చింది. వాటిలో పనికొచ్చేవి 8. అంటే కావలసిన 10లో 8 పట్టింది, నూటికి 80. ఇచ్చిన 12లో 8 మంచివి, నూటికి సుమారు 67. ఒకటి పెంచబోతే సాధారణంగా రెండోది తగ్గుతుంది. ప్రదర్శన కోసం కొంచెం చెత్త వచ్చినా ఏదీ తప్పిపోకూడదు. రోజూ చదువుకోవడానికైతే చెత్త తక్కువ ఉండాలి. అవసరాన్ని బట్టి జల్లెడ.

ఏరేది ఎవరు?

ఇప్పుడు అసలు ప్రశ్న. 2006లో ఫేస్‌బుక్ ‘న్యూస్ ఫీడ్’ మొదలుపెట్టింది. పేరు ఒకటే కాని పని వేరు. మనం చెప్పుకున్న ఫీడులో ఏ సైట్లు రావాలో మీరు నిర్ణయిస్తారు. తేదీల వరుసలో అన్నీ వస్తాయి. అలాంటి కంపెనీల ఫీడులో ఏది ముందు, ఏది వెనుక, ఏది అసలు కనబడకూడదు అన్నది వాళ్ల యంత్రం నిర్ణయిస్తుంది. మీరు ఎక్కువసేపు అక్కడే ఉంటే వాళ్లకు ప్రకటనల డబ్బు. కనుక మీకు ఉపయోగపడేది కాక, మిమ్మల్ని కూర్చోబెట్టేది ముందుకు వస్తుంది. అది తప్పుడు వార్తే అయినా సరే.

అలాగని సొంత జల్లెడ ఉంటే చాలు, నిజాలే వస్తాయనుకోకండి. మీరు ఒకే రకం సైట్లు ఎంచుకుంటే బుట్టంతా ఒకే రకం అవుతుంది. వంకాయలే కొని, లోకంలో వేరే కూర లేదన్నట్టు! మీకు నచ్చని మాట చెప్పేవాళ్లను కూడా ఒకరిద్దరిని చేర్చుకోండి. ఫీడువల్ల ఒక మేలు మాత్రం ఖాయం. ప్రతి వార్తకూ వచ్చిన చోటు, తేదీ అంటి ఉంటాయి. ఎవరో పంపగా ఎవరో పంపిన అనామక సందేశానికి ఆ రెండూ ఉండవు.

ఇంకొక జాగ్రత్త. పనిముట్లు శాశ్వతం కావు. 2005లో వచ్చి లక్షలమంది వాడిన గూగుల్ రీడరును 2013 జులై 1న మూసేశారు. ఫీడులను కలిపి, జల్లించి కొత్త ఫీడు చేసుకునే వీలున్న యాహూ పైప్స్ 2007లో వచ్చి 2015లో పోయింది. లింకులు దాచుకునే పాకెట్ 2025 జులైలో మూతపడింది. కాని ఫీడు అనే పద్ధతి ఏ ఒక్క కంపెనీదీ కాదు గనుక బతికే ఉంది. మీరు చేరిన ఫీడుల జాబితాను ఓపీఎంఎల్ అనే రకం ఫైలుగా దించుకోవచ్చు. దాన్ని ఇంకో రీడరులో వేస్తే అన్నీ యథాతథంగా వస్తాయి. కనుక ఏ పనిముట్టు ఎంచుకునేముందైనా ఒక్క ప్రశ్న వేసుకోండి: “ఇది రేపు మూతపడితే నా జాబితా నా చేతికి వస్తుందా?” రానిదైతే ఎంత అందంగా ఉన్నా వద్దు.

చేసి చూడండి

కంప్యూటరు లేకుండానే ఈ పద్ధతిని బడిలో నడపవచ్చు.

1. ఎనిమిది తరగతులు ఎంచుకోండి. ప్రతి తరగతి తలుపు దగ్గర ఒక కాగితం తగిలించండి. తరగతిలో జరిగిన కొత్త సంగతి ఏదైనా శీర్షిక, తేదీ, రాసినవారి పేరు, వరుస సంఖ్యతో అందులో రాయాలి. ఇది ఫీడు.

2. ఒక విద్యార్థిని నౌకరుగా పెట్టండి. తను రోజుకొకసారి తిరిగి, “కిందటిసారి 7 వరకు చూశాను, తరువాతవి ఉన్నాయా?” అని చూసి, కొత్తవి మాత్రమే గోడ పత్రికమీద అంటించాలి. ఇది రీడరు.

3. లెక్క వేయండి. 40 మంది విద్యార్థులు ఎనిమిది తలుపులూ తిరిగితే 320 సార్లు తిరగాలి. నౌకరు 8 సార్లు, ఆ 40 మందీ గోడ పత్రిక దగ్గరకు ఒక్కొక్కసారి వెళ్తే మొత్తం 48. మిగిలిన 272 తిరుగుళ్ల కాలం ఎంత ఉంటుందో గడియారం పెట్టి కొలవండి.

4. ఒక వారం తరువాత ‘ఆటలు’ అన్న మాట ఉన్న చీటీలు మాత్రమే ఏరండి. ‘ఆట’, ‘ఆటల పోటీ’, ‘కబడ్డీ’, ‘క్రికెట్టు’ అని రాసినవి ఎన్ని తప్పిపోయాయి? నూటికి ఎన్ని పట్టారు, పట్టినవాటిలో నూటికి ఎన్ని సరైనవి, లెక్క కట్టండి.

5. ఆఖరున ఒక రోజు, గోడ పత్రికలో ఏవి పైన ఉండాలో ఒక్క విద్యార్థినే రహస్యంగా నిర్ణయించమనండి. మరునాడు తరగతిలో అడగండి: మీరు ఏ వార్తలు చదివారు, ఏవి చదవలేదు? చదవని వార్తలు ఉన్నాయని అసలు మీకెవరికైనా తెలిసిందా?